డేగగారి చూపు

పెంకుల ఫ్యాక్టరీ యజమానిని ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ డేగగారు అనేవారు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు. ఆయనే పెట్టుకుని, నలుగురి నోళ్ళలో నానేదాకా తనే వాడుకున్నాడు. మబ్బుల్లోంచి చూస్తే కింద చేలో ఎలుక మీసాలు కనబడతాయనీ, ఒకసారి అలా చూస్తే ఎడమవైపు మీసం కాస్త పొట్టిగా ఉందనీ చెప్పేవాడు. కాదనాలంటే ఆ ఎలుకని పట్టుకురావాలి గనక ఎవరూ కాదనేవారు కాదు.

ఆయనకి సొంత విమానం ఉంది. నాలుగు సీట్లు, ఒకటే ఇంజను. పెళ్ళానికి జ్వరమొస్తే మాత్ర వేసుకోమనేవాడు. ఇంజను దగ్గితే మాత్రం అన్నం మానేసేవాడు.

అలాంటి మనిషికి కళ్ళు పోవడం మొదలైంది.

పోతే పూర్తిగా పోయినా బాగుండేది, ఇంట్లో కూర్చునేవాడు. అలా కాదు. చూపు నడిమధ్య ఒక మసక మచ్చ వచ్చి కూర్చుంది. చుట్టూ అంతా కనబడుతుంది, సూటిగా దేన్ని చూద్దామనుకుంటే అదొక్కటీ మాయం. ఎదుటిమనిషి చెవులు రెండూ కనబడతాయి, మధ్యలో మొహం ఉండదు. గడియారం చుట్టూ గోడ ఉంటుంది, గడియారం ఉండదు. అయినా పొద్దున్నే దర్జాగా పేపరు విప్పుకుని కూర్చునేవాడు. ఒకరోజు దాన్ని తలకిందులుగా పట్టుకుని, ప్రభుత్వం తీరు బాగోలేదని చిరాకుపడుతుంటే భార్య చూసింది.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏది?"

"కనబడక."

"నాకు కనబడకపోవడమేమిటే? అక్షరాలే చిన్నవి వేస్తున్నారు, వెధవలు."

ఆవిడ పేపరు తిప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఆయన బతుకంతా ఒకటే పనైపోయింది. ఈ సంగతి గడప దాటకూడదు. దాటిందా, లైసెన్సు లాగేసుకుంటారు, విమానాన్ని తుక్కువాడు పట్టుకుపోతాడు, క్లబ్బులో రేపటి నుంచి అందరూ 'పాపం' అంటారు. ఆయన చావుకైనా సిద్ధమే గానీ ఆ 'పాపం' అనే మాటకి సిద్ధంగా లేడు.

అందుకని పెళ్ళాన్ని కుడివైపు సీటులో కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆవిడకి మొదట్లో విమానమంటే ఎంత భయమంటే, గాల్లో ఉన్నంతసేపూ పాదాలు నేలకి ఆనించేది కాదు, బరువెక్కువై పడిపోతుందని. మెల్లగా అలవాటైంది. ఏ గడియారం ఎత్తు చెబుతుందో, ఏది వేగమో, ఏ ముల్లు ఎర్రగీత దాటకూడదో నేర్చుకుంది. వెనక సీట్లలో చుట్టాలుంటే ఈ అంకెలన్నీ సణుగుడులోకి దింపేది.

"ఏవండీ, వేగం పడిపోతోంది, మళ్ళీ నన్నంటారు."

"ఎడంపక్కకి ఈడ్చేస్తున్నారు, ఎప్పుడూ అంతే మీరు."

"ఇంకా పైనే ఉన్నారు. దిగండి, దిగండి."

వెనకున్నవాళ్ళు ఒకరినొకరు గిల్లుకుని నవ్వేవారు. పాపం డేగగారు, ఆకాశంలోకి పోయినా ఆయనకి విముక్తి లేదనుకునేవారు.

నిజానికి ఆవిడకి ఆ సీటు ఇష్టమైపోయింది. ఇంట్లో ఆవిడ మాటకి ఆయన ఏనాడూ చెవి ఒగ్గలేదు. కూర్చోమంటే నిలబడే రకం. గాల్లో మాత్రం ఆవిడ దిగమంటే దిగేవాడు, తిప్పమంటే తిప్పేవాడు. ఎవరూ లేనప్పుడైతే, "ఇప్పుడెక్కడున్నామే, చెప్పు" అని మెత్తగా అడిగేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గొంతు విన్నది అక్కడే.

ఇక మిగిలింది కంటి పరీక్ష. ఏడాదికోసారి డాక్టరు దగ్గర చూపు చూపించుకుని సర్టిఫికెట్టు పెట్టాలి, అది రూలు. ఆ సంతకం పెట్టే అధికారమున్న కంటి డాక్టరు ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఆయన డేగగారికి తోడల్లుడు.

ఒక ఆదివారం డాక్టరు భార్యతో భోజనానికొచ్చాడు. డేగగారు కాగితం ఆయన కంచం పక్కకి తోశాడు.

"రేపు క్లినిక్కుకి రండి అన్నయ్యా, అయిదు నిమిషాల పని" అన్నాడు డాక్టరు.

"ఏం పని?"

"అదే, గోడమీద అక్షరాలు చదవడం..."

"నా చేతనా? బడిపిల్లాణ్ణి చేసి అఆలు దిద్దిస్తావుటోయ్?"

డాక్టరు భార్య పడీపడీ నవ్వింది. "పొండి, బావకి మీరు కంటిపరీక్ష చెయ్యడమేమిటి? ఆయనే మీకు చెయ్యాలి. మొన్న పెళ్ళిలో నేననుకుని పక్కావిడ చెయ్యి పట్టుకున్నారుగా!"

బల్ల చుట్టూ నవ్వులు. డాక్టరు కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి. మొహమాటం అనే జబ్బుకి ఆయన చదివిన కాలేజీలో మందు చెప్పలేదు. ఎడంచేత్తో కలం తీసి, రెండు కళ్ళూ దివ్యంగా ఉన్నాయని రాసి సంతకం పెట్టి, కుడిచేత్తో భోజనం ముగించాడు.

డేగగారి భార్య నవ్వలేదు. వడ్డించడానికి గరిటె కోసం లోపలికి వెళ్ళింది.

క్లబ్బు రన్‌వే మట్టిది, మీద గడ్డి. ఆ గడ్డి కొయ్యడానికి ఒక మనిషి ఉండేవాడు. గడ్డి మేస్త్రి అనేవారు. పెద్ద మిషను మీదెక్కి కూర్చుని రోజంతా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాడు. ఆ మిషను చప్పుడుకి పక్కన పిడుగు పడ్డా 'ఎవరదీ?' అంటాడు తప్ప అది పిడుగని తెలియదు.

దిగే ముందు రేడియోలో చెప్పాలి. రన్‌వే చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కింద ఎవరూ లేరని చూసుకుని మరీ దిగాలి. మేస్త్రి చెవులకి బిగించుకున్న రేడియోలో ఆ మాట వినబడితే మిషను పక్కకి తీసేవాడు. ఇదంతా రాసిపెట్టి ఉంది, క్లబ్బు గోడకి అద్దం బిగించి మరీ తగిలించారు. ఆ అద్దంలో పైలట్లు తలలు దువ్వుకునేవారు.

రేడియోలో చెబితే ఏం మజా? చెప్పకుండా వెనకనుంచి వచ్చి, మేస్త్రి తలమీదుగా చక్రాలు రాసుకుపోయేంత కిందికి దిగి, మళ్ళీ పైకి లేవడం వాళ్ళ ఆట. 'మేస్త్రిని పడుకోబెట్టడం' అని దానికి పేరు. నెత్తిమీద గాలి కొట్టగానే మేస్త్రి మిషను మీదనుంచి దూకి గడ్డిలో బోర్లా పడేవాడు. వరండాలో టీ తాగేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. కళ్ళు బాగున్న రోజుల్లో ఈ ఆటలో డేగగారిని మించినవాడు లేడు. ఒకసారి మేస్త్రి తలగుడ్డ చక్రానికి చుట్టుకుని మూడు ఊళ్ళు దాటి వచ్చిందనీ, ఉతికించి మరీ తిరిగిచ్చాననీ ఆయన చెప్పేవాడు. ఉతికించాడన్న మాట మాత్రం అబద్ధం.

ఒకరోజు మేస్త్రి భార్య వరండా మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అయ్యా, మా ఆయన నిద్దట్లో కూడా మంచం మీంచి దూకుతున్నాడు. కాస్త చూసి దిగండయ్యా."

"చూసే దిగుతున్నామమ్మా! నేను చూడకపోతే మీ ఆయన ఈపాటికి ఉండేవాడా?" అన్నాడు డేగగారు. వరండా ఘొల్లుమంది. ఆ ఊపులో ఇంకోమాట కూడా అన్నాడు. "ఇంకోసారి అడ్డొచ్చాడంటే పడుకోబెట్టడమే, మళ్ళీ లేవడు, చెప్పు."

ఆవిడ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి వెళ్ళిపోయింది.

ఆ మాటన్న కొద్ది నెలలకే ఆయన చూపుకి మచ్చ పడింది. ఆట ఆపేశాడు. అడిగితే విసుగొచ్చిందన్నాడు. ప్రదక్షిణ కూడా ఆపేశాడు, అది వేరే సంగతి. ఒంపులు తిరగాలంటే చూపు కావాలి. పెళ్ళాం సూటిగా గురిపెట్టించినచోట సూటిగా దిగిపోవడమే ఆయనకి చేతనయింది. రేడియో వాడేవాడు కాదు. చెబితే తిరుగు ప్రశ్నలొస్తాయి, నీకు ఎడమవైపు ఫలానా విమానం కనబడుతోందా అంటారు.

సర్టిఫికెట్టు వచ్చిన సంతోషంలో తోడల్లుణ్ణీ మరదలినీ విమానం ఎక్కించాడు. పొద్దున్నే ఎండ తళతళలాడుతోంది. డాక్టరుకి ఎందుకో మనసు ఒప్పలేదు, గొంతు నొప్పి అన్నాడు. "గొంతుతో ఎగురుతావుటోయ్?" అన్నాడు డేగగారు. ఎక్కాడు.

పైకి లేచిన దగ్గరనుంచీ ఆవిడ సణుగుడు సాగుతూనే ఉంది. వేగం, ఎత్తు, ఎడమ, కుడి. తిరిగి వచ్చే దారిలో డాక్టరుకి కాస్త ధైర్యం చిక్కి, నోరు ఊరుకోలేదు.

"అన్నయ్యా, విమానం మీరు నడుపుతున్నారా, వదిన నడుపుతోందా?"

చెల్లెలు కిసుక్కుమంది. "అక్కా, నువ్వు మరీనే! బావని ఊపిరి తీసుకోనియ్యి."

డేగగారి మెడ బిగుసుకుంది. ఈ నవ్వు వేరు. ఇది అసలు రహస్యానికి వేలెడు దూరంలో ఉన్న నవ్వు.

"వేగం ఎక్కువైందండీ, తగ్గించండి" అంది ఆవిడ.

"నోరు ముయ్యి!"

ఎంత గట్టిగా అన్నాడంటే ఇంజను కూడా ఒక్క క్షణం తననే అన్నాడనుకుంది.

"పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ ఎగురుతున్నాను. ఆడదానివి, నువ్వా నాకు చెప్పేది? దిగేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. వచ్చిందా, ఇక్కడే తలుపు తీసి తోసేస్తా."

వెనకనుంచి, "అద్దీ!" అన్నాడు డాక్టరు.

ఆవిడ చెల్లెలివైపు తిరిగి చూసింది. చెల్లెలు నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆవిడ ముందుకు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు ముందుకు వంగి సరదాగా ఏదో అనబోయి ఆగిపోయాడు. డేగగారు తల పక్కకి వంచి, గింజ చూసే కోడిలాగా, గడియారాలని కంటి కొసతో వెతుకుతున్నాడు. అలాంటి తలలు డాక్టరు తన క్లినిక్కులో వందలు చూశాడు. కర్ర పట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చిన తలలు.

డాక్టరు వదిన సీటు వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"వదినా" అన్నాడు మెల్లగా.

ఆవిడ కొంగు సర్దుకుంది.

"వదినా, మాట్లాడండి. అన్నయ్య ఏదో సరదాకన్నారు. తిట్టండి వదినా, మీ కాళ్ళు పట్టుకుంటాను, కాస్త తిట్టండి!"

"మూసుకోమన్నారుగా మరిదిగారూ. మూసుకున్నాను."

"నువ్వు ఊరుకోవోయ్" అన్నాడు డేగగారు. ఒక్కమాట, 'ఎక్కడున్నామే' అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. ఆవిడ ఆ మాట కోసమే కూర్చుని ఉంది. వెనక ఇద్దరున్నారు. ఆయన అడగలేదు.

రన్‌వే ఆకుపచ్చ గీతలాగా ఎదురొచ్చింది. ఆయనకి దాని అంచులు రెండూ కనబడ్డాయి, మధ్య కనబడలేదు. మధ్యలో ఎర్రరంగు మిషనుంది, దానిమీద మనిషి వీపు ఉంది. ఆవిడ చూసింది. ముందు చిన్న చుక్కలాగా చూసింది, తర్వాత తలగుడ్డ చూసింది. అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు, అనుకుంది.

మేస్త్రి చొక్కా వీపుమీద చెమట మరక కనబడ్డాక, "మనిషీ!" అని అరిచింది.

మేస్త్రి ఈసారి దూకలేదు. వెనక ఏముందో ఆయనకి తెలియనే లేదు. చక్రం ఆయన్ని మిషను మీదనుంచి తీసుకుపోయి ఎక్కడో దింపింది. విమానం గట్టుని ముక్కుతో పొడిచి ఆగింది. మనిషి లేని మిషను గడ్డి కోస్తూ తనంతట తను గుండ్రంగా తిరుగుతూనే ఉంది. వరండాలో కొత్తగా చేరిన సభ్యుడొకడు అలవాటు చొప్పున రెండు చప్పట్లు కొట్టి, తర్వాత ఆపేశాడు.

వెనకవాళ్ళకి ఎముకలు విరిగాయి. ఆవిడకి పెదవి చిట్లింది. డేగగారి మొహం గడియారాలకి గుద్దుకుని, ఆయన రోజూ వెతికే ఆ అద్దాలు కళ్ళలోనే దిగాయి. ఆస్పత్రిలో కట్లు విప్పాక పెద్ద డాక్టర్లు టార్చీలు వేసి చూశారు. చూపు మధ్యలో పోయినట్టుంది, అంచుల్లో ఎంత మిగిలిందో ఆయన చెబితేనే తెలియాలి. దెబ్బకి పోయిందన్నారు. అంతకుముందే లేదేమోనని అడిగితే, ఇప్పుడున్న గాయంలో పాతదేదో చెప్పడం ఎవరితరమూ కాదన్నారు.

వకీలు మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"క్లబ్బువాళ్ళందరూ చెప్పేశారండి. మేస్త్రిమీదకి విమానం దూకించే ఆట, లేవడు అని మీరన్న మాట. ఇప్పుడు మీరు చూసి గుద్దారంటే అది ఆట కాదు, హత్య. కనబడక గుద్దారంటే తప్పే, శిక్షే, కానీ హత్య కాదు. ఏది నిజం?"

డేగగారు చాలాసేపు పైకప్పు వైపు మొహం పెట్టుకుని పడుకున్నాడు. క్లబ్బు వరండా, టీ కప్పులు, 'పాపం' అనే మాట అన్నీ ఆ పైకప్పులో తిరిగి ఉంటాయి. చివరికి, "కనబడలేదు" అన్నాడు. "చాలాకాలంగా కనబడదు."

"సాక్ష్యం?"

"మా ఆవిడ. మా డాక్టరు."

విచారణ హాలులో పొడుగాటి బల్ల, ఒక మూల కిర్రుమనే ఫ్యాను. విచారణాధికారి బక్కపల్చని మనిషి. కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి మాట్లాడేవాడు. ముందు డాక్టరుని పిలిచారు. చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"పరీక్ష చేశారా?"

డాక్టరు డేగగారివైపు చూడకుండా, "క్షుణ్ణంగా చేశానండి. అంత మంచి చూపు నా సర్వీసులో చూడలేదు" అన్నాడు.

"ఒరే!" అన్నాడు డేగగారు. "అన్నం తింటూ పెట్టావు కదరా!"

"గాయంవల్ల కాస్త మతి కూడా..." అన్నాడు డాక్టరు అధికారితో, ఎంతో జాలిగా.

తర్వాత భార్యని పిలిచారు. డేగగారు కుర్చీలో ముందుకు జరిగాడు. "చెప్పవే. వేగం నువ్వు చెప్పేదానివి, ఎత్తు నువ్వు చెప్పేదానివి. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. గాల్లో ఎవరూ లేనప్పుడు మాట్లాడే గొంతు అది.

ఆవిడ ఆ గొంతు విని ఒక్క నిమిషం తల వంచుకుంది. చెబితే, తెలిసీ ఆ సీటులో కూర్చున్నందుకు రేపు ఆవిడా అదే బల్ల ముందు నిలబడాలి. ఆ లెక్క వేసుకుందో, ఇంకేదైనా గుర్తొచ్చిందో గానీ తల ఎత్తింది.

"నాకేం తెలుసండి, ఆడదాన్ని. నేను సణుగుతూ ఉంటానని మా చెల్లెల్నడగండి, చెబుతుంది. ఆయన కళ్ళకేం లోటు లేదు. అన్నీ కనబడతాయి."

"ఆ రోజు మీరేమైనా చెప్పారా?"

"మాట్లాడొద్దన్నారండి."

"నాకు కనబడదు!" అని లేచి నిలబడి అరిచాడు డేగగారు. "గుడ్డివాణ్ణి! ఎప్పటినుంచో గుడ్డివాణ్ణి! పేపరు తలకిందులుగా పట్టుకునేవాణ్ణి!" క్లబ్బు సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో డేగగారు చెప్పినవాటిలో ఇంత నమ్మశక్యం కానిది ఇంకోటి లేదు. ఒకాయనైతే, "ఎలుక మీసాలో మరి?" అన్నాడు. అధికారి కలం మూత పెట్టి, భోజనాలయ్యాక తేలుద్దామన్నాడు.

డేగగారిని వరండాలో బల్లమీద కూర్చోబెట్టి వకీలు ఫోను మాట్లాడుకోవడానికి వెళ్ళాడు. మేస్త్రి భార్య హాలులోంచి బయటికొచ్చింది. పొద్దుటినుంచీ ఆవిడ వెనక వరసలో కూర్చుని ఒకటే ఆలోచిస్తోంది. చూశాడా, చూడలేదా. వచ్చి సరిగ్గా ఆయనకి ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడింది. ఆయన మొహంలోకి చూసింది. తిట్టాలని వచ్చింది, లేదా కొట్టాలని.

ఎదురుగా ఎవరో ఆడమనిషి చీర అంచు, గాజుల చప్పుడు ఆయనకి తెలిశాయి.

"కాస్త మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా" అన్నాడు. "నీకు పుణ్యముంటుంది."

ఆవిడ కదల్లేదు. అయిదు వారాలుగా నేరుగా ఈ కళ్ళలోకే చూడాలనుకుంది. ఆ కళ్ళు ఇప్పుడు ఆవిడ భుజం మీదుగా గోడని చూస్తున్నాయి.

వెళ్ళి కుండలోంచి గ్లాసు ముంచుకొచ్చింది. ఆయన ముందు పట్టుకుంది. ఆయన చెయ్యి గ్లాసుకి ఈ పక్కన ఒకసారి, ఆ పక్కన ఒకసారి గాలిని పట్టుకుంది. ఆవిడ గ్లాసు కాస్త ఎడమకి జరిపింది. చెయ్యి ఇంకా కుడివైపే వెతుకుతోంది.

"ఎక్కడమ్మా?"

ఇది ఇప్పటి గుడ్డితనమో ఎప్పటిదో వైద్యులకే తేలలేదు. ఆవిడకి తేలింది. మొన్న పోయిన కళ్ళయితే ఈ చెయ్యి ఇంకా తడబడుతూ గాభరాపడేది. ఈ చెయ్యి గాలిని ఒక వరస ప్రకారం, ఓపిగ్గా వెతుకుతోంది. వెతకడం అలవాటైన చెయ్యి.

అంటే చూడలేదు. తన మొగుణ్ణి చూడనైనా చూడలేదు. గడ్డిమీద గడ్డిలాగా తొక్కుకుపోయాడు.

ఆవిడ నీళ్ళు తనే తాగేసింది. గుటకల చప్పుడు ఆయనకి వినబడింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

భోజనాలయ్యాక అధికారి అందర్నీ కూర్చోమని, చనిపోయినవాడి తరపున ఎవరైనా చెప్పేదుందా అని అడిగాడు. మేస్త్రి భార్య లేచింది.

"ఇందాక బయట ఆయనకెదురుగా నిలబడ్డానండి."

"ఊఁ?"

"నా మొహం చూసి గుర్తుపట్టాడు. పట్టి మంచినీళ్ళు తెమ్మన్నాడు."

అధికారి కలం మూత తీశాడు.